‘ఫస్ట్ టైమ్ తింటున్నా’ అని చెప్పేశాను, ఇప్పుడేం చేయాలి?

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి వచ్చింది. రాసినావిడకు 36 ఏళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్ళై తొమ్మిదేళ్ళు, ఏడేళ్ళ బాబు. అత్తగారు వీళ్ళతోనే ఉంటారు. ఉత్తరం చాలా పెద్దది. గుర్తుపట్టే వివరాలు తీసేసి, ఆవిడ మాటల్లోనే వీలైనంతవరకు కుదించి ఇస్తున్నాను.

ఆవిడ పుట్టి పెరిగింది ఒక చిన్న టౌన్‌లో. నాన్న మటన్ షాపు పక్కన కూర్చుని తలకాయలు, కాళ్ళు కాల్చి ఇచ్చేవారు. అమ్మ బోటి శుభ్రం చేసేది. ఆదివారం ఐదు గంటలకే పని మొదలు. ‘కాలిన బొచ్చు వాసన నా స్కూల్ డ్రెస్‌కి కూడా పట్టేది. ఎనిమిదో తరగతిలో నా పక్కన కూర్చున్న అమ్మాయి ముక్కు మూసుకుని బెంచీ మారింది. ఆ రోజు నుంచి ఇంట్లో బోటి కూర తినడం మానేశాను’ అని రాశారు. బాగా చదువుకున్నారు, ఉద్యోగం వచ్చింది, ఆఫీసులో పరిచయమైన అబ్బాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. ‘మీ నాన్నగారు ఏం చేసేవారు?’ అని ఆయన అడిగితే ‘షాపులో పనిచేసేవారు’ అన్నారు. అంతవరకే. ‘మా కులం పేరు ఇక్కడ రాయడం లేదు, ఏమీ అనుకోకండి’ అని కూడా రాశారు.

కిందటి నెలలో భర్త ఒక పాప్-అప్ విందుకు రెండు సీట్లు బుక్ చేశారు. ఎవరిదో పెద్ద ఇల్లు ఒక్క రాత్రికి అద్దెకు తీసుకుని, పొడవాటి బల్ల వేసి, ముక్కూమొహం తెలియని ఇరవై మందిని కూర్చోబెట్టి వడ్డించే విందు. మనిషికి మూడున్నర వేలు. ఆ రాత్రి మెనూలో అన్నీ లోపలి భాగాలే. బ్రెడ్ ముక్క మీద భేజా (మెదడు), పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన గుర్దా (మూత్రపిండం), కలేజీ (కార్జం). గడ్డకట్టిన నెత్తురుతో చేసే నల్ల వేపుడు, చిన్న చతురస్రాలుగా కోసి పెట్టారట. నిలువునా చీల్చిన మూలుగ ఎముక, పలచగా తరిగిన నాలుక. చివర్లో చింతచిగురు బోటి, దానితో అరచేతిలో సగం ఉన్న జొన్నరొట్టె.

ఒక్కో ప్లేటు వస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. ‘చాలా ధైర్యం కావాలి’ అన్నారొకరు. ‘అసలు ఇవి ఎవరు తింటార్రా బాబూ’ అని ఒకాయన నవ్వాడు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఈవిడను ‘మీరు ఇంతకుముందు తిన్నారా?’ అని అడిగింది. ‘లేదు, ఫస్ట్ టైమ్ తింటున్నా’ అన్నారు ఈవిడ. ఆ వెంటనే బోటి నోట్లో పెట్టుకుంటే ముడతల్లో వాసన మిగిలి ఉందని తెలిసిపోయింది. భర్త చెవిలో ‘సరిగ్గా గీకలేదు’ అన్నారు. ‘నీకెలా తెలుసు?’ అంటే ‘యూట్యూబ్‌లో చూశా’ అన్నారు.

భర్తకు ఆ మాట నచ్చింది. నిర్వాహకులతో ‘మా ఆవిడకు ఇందులో మంచి ఐడియా ఉంది’ అన్నారు. వచ్చే విందులో అతిథులే ఒక్కో వంటకం చేసి తెచ్చే పద్ధతి పెడుతున్నారట. బోటికి ఈవిడ పేరు రాసుకున్నారు.

ఇదంతా ఒక ఎత్తు. వారం తర్వాత బాబు ఫోన్‌లో అమ్మమ్మకు చెప్పేశాడు, అమ్మానాన్న మూడున్నర వేలు పెట్టి బోటి తిన్నారని. అవతల కాసేపు మాట లేదట. తర్వాత ఆవిడ అన్నారట: ‘గన్ని పైసలు వెట్టి తిన్నవా బిడ్డా. అడిగితే నేను తెచ్చెడిదాన్ని గదా.’ ఆ అమ్మ వచ్చే నెలలో పదిహేను రోజులు ఉండడానికి వస్తున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే విందు. ఇంట్లో అత్తగారికి మటన్ ఇష్టమే కానీ ‘పేగులూ అవీ’ వంటింట్లోకి రానివ్వరు.

‘నేను వెళ్ళాలా? మానేయాలా? చెప్పాలా? ఎవరికి చెప్పాలి? నేను మోసం చేసినట్టేనా? అమ్మ ముఖం చూడగలనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు’ అని రాసి, చివర్లో ఒక చిన్న ప్రశ్న కలిపారు. భర్తకు యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉంది, ఇలాంటివి తినొచ్చా అని.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే నాకు మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది. మీకు జవాబు రాసే ముందు అది చెప్పడం నా బాధ్యత అనిపిస్తోంది.

మా తాతయ్యకు బోటి ప్రాణం. కానీ మా ఇంట్లో అది వంటింట్లో ఉడికేది కాదు. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దానికోసమే విడిగా ఉంచిన సొట్టలు పడ్డ సత్తు గిన్నె. ఆ గిన్నె కడిగి మళ్ళీ పెరటి గోడకే బోర్లించేవాళ్ళు. శుభ్రం చేసిన బోటి ఒకావిడ తెచ్చి ఇచ్చేది. ఎప్పుడూ పెరటి గుమ్మం నుంచే. మేం ఆవిడను ‘బోటి ఆమె’ అనేవాళ్ళం. నా చిన్నతనంలో ఎన్నేళ్ళో ఆ చేతులు కడిగిన కూర తిన్నాను. ఆవిడ పేరు నాకు తెలియదు. ఇప్పుడు అడుగుదామంటే మా ఇంట్లో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. మీ అమ్మగారి గురించి మీరు రాసింది చదువుతుంటే, నేను ఆ గుమ్మానికి ఏ వైపు నిలబడి ఉన్నానో తెలిసింది. కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నాకు ఆ ఉద్దేశమూ లేదు.

ముందు ఆ బల్ల దగ్గర జరిగింది చూద్దాం. మీరు అబద్ధం చెప్పారు, నిజమే. కానీ ఆ ప్రశ్న ఎప్పుడు వచ్చిందో చూడండి. ‘ఇవి ఎవరు తింటారు’ అని ఒకాయన నవ్విన తర్వాత వచ్చింది. ఆ నవ్వు విన్నాక ‘మేం తింటాం’ అనాలంటే, మీరు ఇరవై మంది ముందు మీ ఇంటిని, మీ నాన్న కూర్చున్న చోటుని, ఎనిమిదో తరగతి బెంచీని అన్నీ ఒక్క క్షణంలో బయటపెట్టాలి. ఆ క్షణంలో మీకు ముప్ఫై ఆరేళ్ళు కాదు, పదమూడేళ్ళు. ఆ పిల్ల తనను తాను కాపాడుకుంది. దాన్ని మోసం అనను.

భర్తకు చెప్పిన ‘యూట్యూబ్‌లో చూశా’ మాత్రం వేరు. దాని గురించి కింద రాస్తాను.

ఒక విషయం గమనించారా? గుర్దా, కలేజీ, భేజా, జబాన్, పాయా అంటే మన హైదరాబాద్‌లో ఎవరూ ధైర్యం గురించి మాట్లాడరు. పాతబస్తీలో తెల్లవారుజామున నహారీ కోసం నిలబడ్డవాళ్ళలో ఆటో నడిపే ఆయనా ఉంటాడు, కారు దిగిన ఆయనా ఉంటాడు. కాళ్ళు, నాలుక రాత్రంతా ఉడికిన ఆ పులుసులో కుల్చా ముంచుకుని తిని, ఎవరి పనికి వాళ్ళు పోతారు. అదే కార్జం, అదే మెదడు, అవే కాళ్ళు తెలుగు పేర్లతో, ఒక పేట పేరుతో కలిసి వచ్చేసరికి ‘అబ్బే, అవి మేం తినం’ అవుతాయి. కాబట్టి చిక్కు రుచితోనో, పేగుతోనో కాదు. దాన్ని ఎవరు కడిగారు, ఎవరి ఇంట్లో తిన్నారు అన్నదానితోనే. మీరు సిగ్గుపడింది కూరను చూసి అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. మీ అమ్మానాన్నల పనిని ఎవరైనా ఆ నవ్వుతో చూస్తారేమో అన్న భయం అది. భయానికీ సిగ్గుకీ తేడా ఉంది. సిగ్గు అయితే మీకు ఇప్పుడు నిద్ర పట్టేది.

ఇది మన ఒక్క చోటే జరిగిన కథ కాదు. రోమ్ నగరంలో టెస్టాచ్చో అనే పేట ఉంది. 19వ శతాబ్దం చివర్లో అక్కడ పెద్ద కబేళా కట్టారు. మంచి ముక్కలు డబ్బున్న ఇళ్ళకు పోయేవి. పనివాళ్ళకు కూలిలో కొంత భాగంగా తోక, పొట్ట, పేగులు, మిగతా లోపలి భాగాలు ఇచ్చేవాళ్ళు. పశువును నాలుగు పావులుగా పంచగా మిగిలింది కాబట్టి దానికి ‘ఐదో పావు’ అని పేరు. వాళ్ళ ఆడవాళ్ళు, ఆ పేటలోని చిన్న పూటకూళ్ళవాళ్ళు దాన్నే గంటల తరబడి ఉడికించి వంటకాలు చేశారు. కబేళా 1975లో మూతపడింది. ఆ వంటకాలు మాత్రం ఇవాళ రోమ్ వెళ్ళినవాళ్ళు వెతుక్కుని తినేవి అయ్యాయి. అందులో తోక కూర పేరు ‘కోడా అల్లా వాచ్చినారా’. వాచ్చినారీ అంటే పశువులను కోసి తోలు తీసే పనివాళ్ళు. అంటే ఎంత పెద్ద హోటల్లో ఆ కూర అడిగినా, ఆ పనివాళ్ళను తలుచుకోకుండా ఆర్డర్ ఇవ్వలేరు. నాకు ఆ కథలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

మీరు వెళ్ళిన విందు లాంటివాటికి ఈ కాలంలో దారి వేసినవాళ్ళలో లండన్ వంటవాడు ఫెర్గస్ హెండర్సన్ ఒకరు. 1994లో స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ దగ్గర ఆయన పెట్టిన సెయింట్ జాన్ రెస్టారెంట్‌లో కాల్చిన మూలుగ ఎముక చాలా పేరు తెచ్చుకుంది. జంతువును చంపాక ముక్కు నుంచి తోక దాకా ఏదీ పారేయకపోవడమే దానికి ఇచ్చే మర్యాద అన్నది ఆయన పద్ధతి. అది మంచి మాటే. మీ నిర్వాహకులు కూడా చెడ్డ ఉద్దేశంతో చేసి ఉంటారని అనుకోను. బోటిని చింతచిగురుతో వండాలని తెలిసినవాళ్ళు ఎక్కడో ఒక అమ్మమ్మ దగ్గర నేర్చుకునే ఉంటారు. కానీ జంతువుకు ఇచ్చిన మర్యాద దాన్ని కడిగిన మనిషికి ఆ రాత్రి అందలేదు. ఆ లోటు మీకు తెలిసినంతగా ఆ బల్ల దగ్గర ఇంకెవరికీ తెలియదు.

ఒకే బల్ల మీద అపరిచితులు కలిసి తినడం అంటే మన దగ్గర చిన్న సంగతి కాదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టిన గోరా, సరస్వతి గోరా దంపతులు అన్ని కులాలవాళ్ళూ ఒకే వరుసలో కూర్చుని తినే సహపంక్తి భోజనాలు పెట్టేవారు. అక్కడ ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అందరికీ తెలుసు. తెలిసీ కూర్చోవడమే ఆ భోజనానికి అర్థం. మీరు కూర్చున్న బల్ల దగ్గర ఎవరి గురించీ ఎవరికీ తెలియదు. అందుకే అంత హాయిగా ఉంది వాళ్ళకు. అందుకే అంత కష్టంగా ఉంది మీకు.

ఇక మీ ముందున్న దారులు. ఇందులో ఇదే చేయండి అని ఆజ్ఞ వేయను, ఎందుకంటే తర్వాత ఆ ఇంట్లో ఉండాల్సింది మీరు.

వెళ్ళడం మానేయొచ్చు. ఆఫీసు పని ఉందనో, అమ్మ వచ్చిందనో చెప్తే ఎవరూ ఏమీ అనరు. ఇది పిరికితనం కాదు, మీకు ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది. కాకపోతే విందు తప్పుతుంది కానీ అమ్మ రావడం తప్పదు. ఫోన్‌లో ఆ కాసేపటి మౌనం అలాగే మీ ఇద్దరి మధ్య కూర్చుని ఉంటుంది. పైగా మీ వారు ఊరుకోరు, మరో నెలకు మళ్ళీ బుక్ చేస్తారు. ఆయనకు అది నచ్చింది కదా.

వెళ్ళి, వండి, ఏమీ చెప్పకుండా రావచ్చు. ‘ఎవరు నేర్పారు?’ అని అడుగుతారు, ఖాయం. ‘మా అమ్మ’ అని చెప్పండి. అది పూర్తి నిజం. అంతకుమించి ఒక్క మాట కూడా ఎవరికీ బాకీ లేరు మీరు. చాలామందికి ఈ దారి సగం సగం అనిపించొచ్చు. నాకు అలా అనిపించదు. ‘ఫస్ట్ టైమ్’ నుంచి ‘మా అమ్మ నేర్పింది’ దాకా రావడమే చాలా దూరం. కానీ ఒక ఇబ్బంది ఉంది. పక్కనే మీ వారు ఉంటారు. ‘మీ అమ్మగారా? నాకెప్పుడూ చెప్పలేదే’ అని ఆ బల్ల దగ్గరే అడిగితే మీరు మళ్ళీ ఏదో ఒకటి కల్పించాల్సి వస్తుంది. కాబట్టి ఈ దారిలో వెళ్ళాలన్నా ఆయనకు ముందు తెలిసి ఉండటమే మంచిది.

బల్ల దగ్గర అంతా చెప్పేయడం ఇంకో దారి. మా నాన్న ఇది చేసేవారు, మా అమ్మ ఇది చేసేది, కిందటిసారి నేను అబద్ధం చెప్పాను అని. ఇలా చెప్పి తేలికపడ్డవాళ్ళు ఉన్నారు. మీకు ఆ బలం ఉంటే నేను ఆపను. కానీ తర్వాత ఏం జరుగుతుందో కూడా చూసుకోండి. చప్పట్లు కొట్టొచ్చు. కళ్ళనీళ్ళు పెట్టుకుని మిమ్మల్ని కౌగిలించుకోవచ్చు. మర్నాటికి అది వాళ్ళ ఫోన్లలో ఒక మంచి కథ అయిపోతుంది, మీ ఫొటోతో సహా. మీ ఆఫీసు దాకా చేరుతుంది. మీరు ఉత్తరంలో రాయకుండా వదిలేసిన పేరును వాళ్ళు ఊహించుకుంటారు. కొందరు మునుపటిలాగే ఉంటారు, కొందరు మరీ మెత్తగా మాట్లాడటం మొదలుపెడతారు. ఆ మెత్తదనం కూడా గుచ్చుకుంటుంది. ఇరవై మంది కొత్తవాళ్ళకు మీ జీవితం వడ్డించాల్సిన అవసరం లేదు. వాళ్ళు మూడున్నర వేలు కట్టింది దానికి కాదు.

అమ్మను వెంట తీసుకెళ్ళాలన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది, ఉత్తరంలో చెప్పకపోయినా. అందమైన ఆలోచన. కానీ ఆవిడను అడగకుండా అనుకోవద్దు. ముప్ఫై ఏళ్ళు చల్లనీళ్ళలో చేతులు నానిన మనిషికి, ఆ పనిని ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళ మధ్య మళ్ళీ చేసి చూపించాలని ఉండకపోవచ్చు. లేదా చాలా సరదాగా ‘పోదాం పా’ అనొచ్చు. ఆవిడ సరే అంటే నిర్వాహకులతో ముందే రెండు మాటలు తేల్చుకోండి. ఆవిడ అతిథిగా వస్తే బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని తింటారు. పని నేర్పడానికి వస్తే ఆ పనికి డబ్బులిస్తారు, వాళ్ళ వంటవాళ్ళకు ఇచ్చినట్టే. రెండూ కాకుండా ‘ఆశీర్వదించడానికి వచ్చిన అమ్మ’గా నిలబెట్టి ఫొటో తీసుకుంటామంటే వద్దనండి.

నిజానికి వాళ్ళకు ఆవిడ అవసరం ఉంది. మీరే అన్నారు కదా, సరిగ్గా గీకలేదని. ఆ పని ఎంత కష్టమో తెలియనివాళ్ళకే బోటి ‘వాసన’ అనిపిస్తుంది. పొట్టను వేడినీళ్ళలో ముంచి తీయాలి. వేడి చాలకపోతే నల్లటి పొర ఊడదు, మరీ మరిగితే ఆ పొర అతుక్కుపోయి ఎంత గీకినా రాదు. ఆ వేడి ఎంతో వేలు పెట్టి చెప్పేవాళ్ళకే తెలుస్తుంది. కొందరు సున్నం పట్టిస్తారు. తర్వాత కత్తి వీపుతో గీకుతూ పోతే ఆ తువ్వాలు లాంటి నూగు తెల్లగా బయటపడుతుంది. తేనెపట్టులా గళ్ళు ఉన్న భాగాన్ని ఒక్కో గడీ వేలితో తెరిచి కడగాలి. పేగును పుల్లతో లోపలి వైపు బయటికి తిప్పాలి. ఉప్పు, పసుపు వేసి రుద్ది, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, ఒకసారి ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. ఇంత చేశాకే అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, చింతచిగురు దాకా వస్తాం. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని ఎక్కడ పని తప్పిందో చెప్పారు మీరు. ఇరవై ఏళ్ళు తినడం మానేసినా మీ నాలుక మరిచిపోలేదు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళందరిలో ఆ కూర గురించి మాట్లాడగలిగింది మీరొక్కరే.

ఇప్పుడు మీ వారి సంగతి. ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని. ‘షాపులో పనిచేసేవారు’ అన్నది పెద్ద అబద్ధమేమీ కాదు, అర్ధసత్యం. అయినా తొమ్మిదేళ్ళు దాని మీద కాపురం సాగింది. చెప్తే ఆయనకు మీ నాన్న పని గురించి బాధ కలగకపోవచ్చు, ‘నన్ను నమ్మలేదా’ అని బాధపడొచ్చు. ఆ బాధకు కాస్త చోటివ్వండి. వెంటనే సర్దిచెప్పాలని చూడొద్దు. ఆయన మంచివారే అని మీ ఉత్తరం బట్టి అనిపిస్తోంది. అందుకే ఇంకో ప్రమాదం కూడా చెప్తున్నాను. మంచివాళ్ళు ఒక్కోసారి అతిగా ఉత్సాహపడతారు. ‘అరే, ఎంత గొప్ప సంగతి, అందరికీ చెబుదాం’ అంటారు. వాళ్ళమ్మతో, ఫ్రెండ్స్‌తో, నిర్వాహకులతో చెప్పేస్తారు. కాబట్టి మొదటే చెప్పండి, ఇది నీకు చెప్తున్నాను, మిగతావాళ్ళకు ఎప్పుడు చెప్పాలో నేను చూసుకుంటాను అని. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఆ రాత్రి నుంచే మొదలుపెట్టండి. ‘బోటి సరిగ్గా గీకలేదని నాకెలా తెలుసని అడిగావు కదా. యూట్యూబ్ కాదు. మా అమ్మ పని అది.’ మిగతాది దానంతట అదే వస్తుంది. అబ్బాయి లేనప్పుడు, ఫోన్లు పక్కన పెట్టి చెప్పండి. పిల్లాడికి తర్వాత మీరే చెప్పుకోవచ్చు, ఏడేళ్ళవాడికి అమ్మమ్మ పని గురించి వింటే ఆశ్చర్యమే తప్ప ఇంకేమీ ఉండదు.

చెప్పకుండా ఉంటే? అదీ మీ ఇష్టమే. అమ్మ పదిహేను రోజులూ ఆ ఇంట్లో ఏ మాట ఎక్కడ జారుతుందోనని మీరు కాపలా కాయాలి. ఆవిడ కూడా కాయాలి. మీ కోసం ఆవిడ అది చేస్తారు, ఇన్నేళ్ళూ చేస్తూనే ఉన్నారు. ఇంకా చేయించాలా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

అత్తగారితో ఇప్పుడే తలపడాల్సిన పని లేదు. ఆవిడ మాంసం తింటారు, పేగులు వద్దంటారు. మా అమ్మమ్మ గిన్నె లాంటిదే ఆ గీత కూడా. కొందరు పెద్దవాళ్ళలో ఆ గీత ఎప్పటికీ చెరగదు, కొందరిలో ఒక్క మంచి పూట తింటే చెరిగిపోతుంది. ఆవిడ ఎలాంటి మనిషో నాకు తెలియదు. మీ వారికి తెలుసు. ఆ మాట మాట్లాడాల్సింది కూడా ఆయనే, ఆయన అమ్మ కాబట్టి.

యూరిక్ యాసిడ్ గురించి అడిగారు. కార్జం, గుర్దా, మెదడు లాంటి లోపలి భాగాల్లో ప్యూరిన్లు ఎక్కువ. ఒంట్లో అవే యూరిక్ యాసిడ్‌గా మారతాయి. కాబట్టి మీ వారు అలాంటి ఏడెనిమిది రకాల విందుకు ప్రతి నెలా వెళ్ళడం మంచిది కాదు. ముందు డాక్టర్‌ని అడగమనండి. మెదడులో కొలెస్ట్రాల్ కూడా చాలా ఎక్కువ, వంద గ్రాముల్లోనే వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. మీ విషయానికొస్తే, రక్తం తక్కువ ఉన్నవాళ్ళకు కార్జం మంచిది, ఐరన్, బి12 బాగా ఉంటాయి. గర్భిణులు మాత్రం దానికి దూరంగా ఉండాలి, విటమిన్ ఎ మరీ ఎక్కువ ఉంటుంది కాబట్టి.

చివరగా అమ్మ. నిజానికి మీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఇదే అనుకుంటాను. ‘అడిగితే నేను తెచ్చెడిదాన్ని గదా’ అన్న మాటను మీరు ఎత్తిపొడుపులా విన్నారు. నేను అలా వినలేదు. కూతురు పదమూడేళ్ళప్పుడు ఆ కూర మానేసింది. ఎందుకు మానేసిందో ఆవిడకు తెలియకుండా ఉంటుందా? ముక్కు మూసుకున్న అమ్మాయి సంగతి మీరు చెప్పకపోయినా, కంచం పక్కకు నెట్టినప్పుడే తెలిసి ఉంటుంది. అప్పటి నుంచి మీకు పెట్టలేదు, అడగలేదు. ఇప్పుడు మీరు మళ్ళీ తిన్నారని విన్నారు. మూడున్నర వేలు పెట్టి, ఎవరో సరిగ్గా కడగని బోటి. ఆ కాసేపు ఆవిడ ఎందుకు మాట్లాడలేదో నేను ఊహించగలను, మీరూ ఊహించగలరు. తర్వాత వచ్చిన మాటలో కోపం లేదు. తెచ్చెడిదాన్ని అన్నారు. ఇంకా తేవడానికి సిద్ధంగా ఉన్నారు.

ఆవిడకు క్షమాపణ చెప్పాలా అని అడగలేదు మీరు, కానీ మనసులో ఉంది. పెద్ద మాటలు అక్కర్లేదనుకుంటాను. ‘అమ్మా, అక్కడి బోటి సరిగ్గా గీకలేదే, వాసనొచ్చింది’ అని ఫోన్ చేసి చెప్పండి. ఆవిడ ఏమంటారో వినండి. నా అంచనా, నీళ్ళు ఎంత వేడిగా పెట్టి ఉంటారో ఆవిడ అక్కడి నుంచే చెప్తారు.

ఇప్పుడు చింతచిగురు దొరుకుతోంది. వచ్చేటప్పుడు మీ ఊరి చెట్టుది తెమ్మనండి, ఇక్కడి మార్కెట్‌లో దొరికేది ముదురు. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ కలిసి మటన్ షాపుకు వెళ్ళండి. ఎలాంటిది తీసుకోవాలో ఆవిడను చూడనివ్వండి. విందుకు వెళ్ళినా, మానేసినా ఈ పని చేయొచ్చు. ఏ గిన్నెలో వండాలన్నది మాత్రం ముందే మీ వారితో మాట్లాడుకోండి. వీలైతే రోజూ అన్నం పెట్టే కుక్కర్‌లోనే పెట్టండి.